విత్తనానికి పూచీ ఎవరు?

2023 ఖరీఫ్‌లో మా చిన్నాయన నాలుగెకరాల్లో పత్తి వేశాడు. ఊరు పత్తికొండ వైపు. కాలువ లేదు, బోరు లేదు, వాన పడితేనే సేద్యం. ఎకరాకు రెండు లెక్కన ఎనిమిది ప్యాకెట్లు తెచ్చుకున్నాడు. అంగడికి పోయి కొన్నవి కావు. పక్కూరి మనిషి ఒకాయన చీకటి పడ్డాక బండి మీద తెచ్చి ఇచ్చిపోయినవి. మెరిసే కవర్, దాని మీద విచ్చుకున్న పత్తికాయ బొమ్మ. కంపెనీ పేరు లేదు, లాట్ నంబర్ లేదు, తేదీ లేదు.

"బిల్లు తీసుకోలేదా చిన్నాయనా?" అని అడిగితే నవ్వాడు.

"వాళ్లిచ్చేదే దొంగచాటుగా. ఇంగ బిల్లెట్ల ఇస్తారురా?"

మా వైపు దీన్ని బీజీ-3 అంటారు, గడ్డిమందు పత్తి అంటారు. కాగితాల్లో దీని పేరు హెచ్‌టీబీటీ. గ్లైఫోసేట్ కొడితే గడ్డి చస్తుంది, పత్తి చావదు, అదీ దీని గొప్ప. మా చిన్నాయన దీన్ని ఎందుకు కొన్నాడో నాకు తెలుసు. గడ్డి తీసే సమయానికి ఊళ్లో అందరికీ ఒకేసారి కూలీలు కావాలి. దొరకరు. దొరికినా ఆ కూలి కట్టే శక్తి వానాధారం రైతుకు ఉండదు. వారం ఆలస్యమైతే పదునంతా గడ్డే తాగేస్తుంది. కాబట్టి ఆయన్ని తెలివి తక్కువవాడని నేను అనలేను. ఆయన లెక్క ఆయనకుంది.

ఆ లెక్క తప్పింది. మందు కొట్టిన పది రోజులకు గడ్డి చచ్చింది. దానితోపాటు పత్తి కూడా అక్కడొకటి ఇక్కడొకటి ఎండిపోయింది. సెలవులకు ఊరికెళ్లినప్పుడు నేను నాలుగు సాళ్లు లెక్కపెట్టాను. ఏ సాలు చూసినా నాలుగు మొక్కల్లో ఒకటి దగ్గర దగ్గరగా పోయింది. ఇది చాలదన్నట్టు, మందు కొట్టిన రోజు గాలి పడమటి నుంచి వీచింది. పక్క చేనాయన కంది మీద పడి రెండు సాళ్ల పైరు మాడింది.

మండలంలో ఒక ఆఫీసుకు పోయాం. అక్కడున్న సారు మంచిగానే మాట్లాడాడు. "బిల్లుందా? సంచి ఉందా? నేను రాసుకుంటే మొదటి కేసు మీ మీదే అవుతుంది పెద్దాయనా, ఇంటికి పోండి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఊరికొచ్చాక రచ్చకట్ట మీద నలుగురూ కూర్చుని కంది సంగతి తేల్చారు. మా చిన్నాయన పక్క చేనాయనకు రెండు మూటల కందులు కొనిచ్చాడు.

ఆ రాత్రి నాకు తట్టిన విషయమే ఈ వ్యాసం. ఆ జన్యువును ఏదో ల్యాబులో ఎవరో తయారుచేశారు. ఎవరో దాన్ని ఇక్కడి విత్తనంలోకి ఎక్కించారు. ఎవరో పొట్లాలు కట్టారు, ఎవరో అమ్మారు, చూడాల్సినవాళ్లెవరో చూడలేదు. ఇంతమందిలో జరిగిన నష్టానికి పూచీ పడి పరిహారం కట్టింది ఒక్కడే. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడే.

అనుమతికి చట్టం ఉంది, నష్టానికి?

మన దేశంలో జన్యుమార్పిడి పంటలకు చట్టం లేదనుకుంటే పొరపాటు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఉంది. దాని కింద 1989 డిసెంబరులో వచ్చిన నియమాలున్నాయి. ఢిల్లీలో జీఈఏసీ అనే కమిటీ అనుమతి ఇవ్వనిదే ఏ జన్యుమార్పిడి విత్తనాన్నీ అమ్మకూడదు, వేయకూడదు. ఆ నియమాల ప్రకారం రాష్ట్ర స్థాయిలో ఒక కమిటీ, జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన మరో కమిటీ ఉండాలి. జిల్లా కమిటీ పేరు మనలో ఎంతమంది విన్నాం? ఈ వ్యాసం కోసం చదివేదాకా నేను వినలేదు.

బీటీ పత్తికి జీఈఏసీ 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. మన దేశంలో సాగుకు బయటకొచ్చిన మొదటి జన్యుమార్పిడి పంట అదే. 2006లో రెండు జన్యువులున్న బీజీ-2 వచ్చింది. గడ్డిమందు తట్టుకునే రకానికి మాత్రం అనుమతి రాలేదు. దాని కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. ఆ మరుసటి ఏడు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఒక కమిటీ వేసి పరిశీలిస్తే, మన రాష్ట్రం, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌లలో పత్తి విస్తీర్ణంలో 15 శాతం దాకా ఆ అనుమతి లేని పత్తే ఉందని తేలింది. అంటే దరఖాస్తు వెనక్కి పోయింది, జన్యువు మాత్రం చేనులోకి వచ్చేసింది.

శిక్షల సంగతి చూద్దాం. మా చిన్నాయన ఆ విత్తనం వేసిన నాటికి పర్యావరణ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉండేవి. జన్ విశ్వాస్ చట్టం ద్వారా 2024 ఏప్రిల్ నుంచి ఆ జైలు శిక్ష తీసేసి పది వేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా పెట్టారు. ఇక 1966 విత్తన చట్టంలో రాసుకున్న జరిమానా మొదటి తప్పుకు 500 రూపాయలకు మించదు. ఆ రోజుల్లో 500 పెద్ద మొత్తమే కావచ్చు, ఈ రోజుల్లో మన బ్యాచ్ పుట్టినరోజు కేకు కూడా రాదు. దాని స్థానంలో తేవాలని కేంద్రం 2025 నవంబరులో విడుదల చేసిన విత్తన బిల్లు ముసాయిదాలో జరిమానాలను లక్షల్లోకి పెంచారు.

పెంచడం మంచిదే. కానీ ఒకటి గమనించండి. ఐదు వందలైనా, పదిహేను లక్షలైనా, జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది. చేను పోయినవాడికి చేరదు. దొంగను పట్టుకుని జైల్లో పెట్టడం వేరు, పోయిన సొమ్ము ఇప్పించడం వేరు. మనం మొదటిదాని గురించే మాట్లాడుకుంటున్నాం. రెండోదాన్ని రచ్చకట్టకు వదిలేశాం.

బిల్లున్నవాళ్లకైనా దక్కిందా?

"దొంగ విత్తనం కొన్నవాడికి పరిహారం ఏంటిరా?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే బిల్లుతో కొన్నవాళ్ల కథ చూడండి.

2004-05లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా వరంగల్ జిల్లాలో, అనుమతి పొందిన బీటీ పత్తే దెబ్బతింది. రైతులకు పరిహారం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం మహికో కంపెనీని అడిగింది. కంపెనీ తప్పు తనది కాదంది. 2005 మేలో జీఈఏసీ మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు రకాలకు మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. అంటే ఆ రకాలు ఇక్కడ పనికిరావని ఢిల్లీ కూడా ఒప్పుకున్నట్టే కదా. కానీ అనుమతి ఇచ్చేటప్పుడే "ఇది పోతే ఫలానావాళ్లు ఇంత కట్టాలి" అని ఒక మాట రాసి ఉంటే ఆ తగాదాకే చోటుండేది కాదు.

ధర విషయంలో మాత్రం మన రాష్ట్రం గట్టిగా నిలబడింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైనే అమ్ముతున్న రోజుల్లో, అందులో సగానికి పైగా జన్యువు మీద రాయల్టీకే పోతోందని 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తనాల ధర, సరఫరా మీద ప్రత్యేక చట్టమే చేసింది. దీన్నుంచి నాకర్థమైంది ఏమిటంటే, ప్రభుత్వం తలుచుకుంటే ప్యాకెట్ లోపల ఎవరి వాటా ఎంతో రూపాయలతో సహా లెక్క తీయగలదు. రాయల్టీ ఎవరికి చేరాలో అంత స్పష్టంగా ఉన్నప్పుడు, నష్టం ఎవరి నుంచి రాబట్టాలో అంత మసకగా ఎందుకుండాలి?

గులాబీ రంగు పురుగు సంగతి ఇంకా విచిత్రం. బీటీ పత్తి వచ్చిందే కాయతొలుచు పురుగుల కోసం. పురుగులకు ఆ విషం అలవాటు కాకుండా చేను చుట్టూ ఐదు వరసలు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ మామూలు పత్తి వేయాలని నిబంధన పెట్టారు. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల మామూలు విత్తనం చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. ఆ చిన్న ప్యాకెట్‌ను మా ఊళ్లో ఎవరూ వేయలేదు. ఏంటికి వేయాలో ఎవరూ చెప్పలేదు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి బీటీకి లొంగడం మానేసిందని కంపెనీయే ప్రకటించింది. తర్వాత బీజీ-2కీ అదే గతి పట్టింది. ఇప్పుడు మన ఆదోని యార్డుకు వచ్చే పత్తి వెనక బీటీకి పెట్టిన డబ్బు ఉంది, దాని మీద మళ్లీ పురుగుమందుకు పెట్టిన డబ్బూ ఉంది. తప్పెవరిదంటే రైతు చిన్న ప్యాకెట్ వేయలేదంటారు. కరెక్టే, వేయలేదు. కానీ రెండు మూడెకరాల రైతును ఇరవై శాతం పొలం పురుగుకు వదిలేయమని చెప్పి, అది నిజంగా జరుగుతుందా లేదా అని చూసే బాధ్యత ఎవరికీ అప్పజెప్పకపోవడం ఎవరి తప్పు? మన భాషలో చెప్పాలంటే డిజైన్‌లో సేఫ్టీ ఫ్యాక్టర్ పెట్టి, సైట్‌లో దాన్ని ఒక్కరోజు కూడా చెక్ చేయలేదు.

కర్నూలు నుంచి సుప్రీంకోర్టు దాకా

ఇంతా చీకటే అనుకోవద్దు. ఒక వెలుతురు మన జిల్లా నుంచే మొదలైంది. విత్తనం మొలకెత్తలేదనో, దిగుబడి రాలేదనో కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లాల వినియోగదారుల ఫోరాలకు రైతులు వెళ్లారు. ఎదుటి పక్షం చిన్నది కాదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ జాతీయ విత్తన కార్పొరేషన్. ఆ విత్తనాలు జన్యుమార్పిడివి కావు, మామూలువే. కానీ ప్రశ్న మనదే.

కార్పొరేషన్ వాదన ఇలా సాగింది. విత్తన చట్టం ఉండగా వినియోగదారుల ఫోరానికి రాకూడదు. విత్తనోత్పత్తి ఒప్పందం చేసుకున్న రైతులు ఆర్బిట్రేషన్‌కే పోవాలి. వాళ్లు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారులే కారు. పైగా విత్తనాన్ని ల్యాబులో పరీక్ష చేయించకుండా లోపం ఉందని ఎలా అంటారు?

2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ వాదనలను తోసిపుచ్చింది. రైతు వినియోగదారుడే అంది. విత్తన చట్టంలో రైతు నష్టం పూడ్చే దారి లేదు కాబట్టి వినియోగదారుల చట్టం తలుపు అదనంగా తెరిచే ఉంటుందంది. నాకు అన్నిటికంటే నచ్చింది ల్యాబు పరీక్ష గురించి చెప్పింది. రైతు కొన్న విత్తనమంతా చేనులో చల్లేస్తాడు, రేపు కోర్టుకు కావాలేమోనని కొంత దాచిపెట్టుకోవాలని ఆశించడం కుదరదు. ఆ లాట్ విత్తనం కంపెనీ దగ్గరే ఉంటుంది కదా, కావాలంటే పరీక్షకు అదే తెచ్చి ఉండొచ్చు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసు అని వెతికితే తీర్పు దొరుకుతుంది. చదవండి, మన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ కంటే తేలిగ్గానే అర్థమవుతుంది.

అయితే ఆ తలుపు దాకా నడవాలంటే చేతిలో బిల్లుండాలి. గుత్తకు చేసే రైతుకు, అప్పు మీద విత్తనం తెచ్చుకునే రైతుకు, రాత్రిపూట కవర్ కొన్న మా చిన్నాయనకు ఆ దారి లేదు. విత్తనం ఎంత నాసిరకమైతే దాని కాగితం అంత తక్కువ. ఎక్కువ రక్షణ కావాల్సినవాడికే రక్షణ అందని ఏర్పాటు ఇది.

నంద్యాలలో ఒక లెక్క, మా ఊళ్లో ఒక లెక్క

నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చినవాళ్లకు సీడ్ పత్తి గురించి నేను చెప్పనక్కర్లేదు. దేశంలో అమ్మే పత్తి హైబ్రిడ్లు చాలావరకు చేతులతో పుట్టేవే. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. రెండు మూడు నెలలు ఒక్కరోజు కూడా ఆగని పని.

ఆ రైతు విత్తనం కంపెనీకి ఇచ్చాక ఏం జరుగుతుందో చూడండి. మొలక పరీక్ష చేస్తారు. తర్వాత జీవోటీ, అంటే ఆ లాట్‌లోంచి కొంత తీసి వేరే చోట పెంచి, ఎన్ని మొక్కలు అసలు రకానివో, ఎన్ని కల్తీవో ఒక్కొక్కటీ లెక్కపెడతారు. శాతం తగ్గితే లాట్ ఫెయిల్. ఫెయిలైతే రైతుకు ధర రాదు, ఏడాది కష్టం గంగలో పోసినట్టే. ఏ లాట్ ఏ రైతుదో, ఏ ఊరిదో కంపెనీ దగ్గర రాసి ఉంటుంది.

కాబట్టి విత్తనంలో లోపాన్ని కనిపెట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే నమ్మకండి. రైతు కంపెనీకి అమ్మేటప్పుడు లోపం శాతాల్లో తేలుతుంది, బాధ్యుడు పేరుతో సహా దొరుకుతాడు. అదే విత్తనం ప్యాకెట్‌లోకి ఎక్కి ఎమ్మిగనూరులోనో ప్రొద్దుటూరులోనో ఇంకో రైతు చేతికి వచ్చేసరికి, లోపం వాన మీదకు, నేల మీదకు, మందు కొట్టిన తీరు మీదకు పోతుంది.

మా చిన్నాయన చేనులో నాలుగింట ఒకటి ఎందుకు చచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. నేను ఎంపీసీ, నాకు తెలియదు. ఇంటర్‌లో బైపీసీ చదివిన నా ఫ్రెండ్‌ను అడిగితే కాగితం మీద గడులు గీసి చూపించింది. హైబ్రిడ్ మొక్కలో ఆ జన్యువు ఒక్క కాపీయే ఉంటే, దాని గింజలు మళ్లీ వేసినప్పుడు నాలుగో వంతు మొక్కలకు ఆ జన్యువు రాదు. మెండెల్ లెక్క. ఎవరో నిరుటి చేనులో గింజలే ఏరి, రంగు కలిపి, కవర్‌లో పోసి అమ్మి ఉండాలి. అది నేను రుజువు చేయలేను, కానీ లెక్క అటే చూపిస్తోంది. ఎవరైనా ఆ కవర్‌లోంచి వంద గింజలు ముందే పరీక్షించి ఉంటే ఇదంతా విత్తకముందే తెలిసేది.

"వాన లేకపోతే విత్తనమేం చేస్తుంది?"

ఇది మన సీమలో అందరూ అనే మాట, అందులో నిజముంది. ఆ 2023లోనే అక్టోబరు చివర ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది, కర్నూలు జిల్లావి అందులో చాలా ఉన్నాయి. అలాంటి ఏడాది పంట పోతే విత్తనం వల్ల పోయిందా, వాన వల్ల పోయిందా అని తేల్చడం కష్టమే. పూచీ చట్టం వస్తే ప్రతి కరవుకూ కంపెనీల మీద పడతారు, కంపెనీలు ఈ ప్రాంతానికే విత్తనం పంపడం మానేస్తాయి అని మా సీనియర్ ఒకన్న వాదించాడు.

నా జవాబు ఇది. కష్టం కాబట్టే పద్ధతి కావాలి. వంతెన కూలినప్పుడు కూడా వరద వల్లా, కాంక్రీట్ వల్లా అని తేల్చడం కష్టమే. అయినా తేలుస్తున్నాం కదా! మా ఊళ్లో సాక్ష్యం పక్క చేనులోనే ఉంది. అదే నల్లరేగడి, అదే వాన, అదే వారంలో విత్తిన వేరే రకం. అది బతికి ఇది చస్తే తేడా విత్తనానిదే. రెండూ చస్తే వానది. వ్యవసాయాధికారి, శాస్త్రవేత్త పైరు మీదుండగానే వచ్చి చూసి రాస్తే చాలు. పంటంతా పీకేశాక జనవరిలో కమిటీ వేస్తే ఎవరికీ ఏమీ తేలదు.

ఇంకో వాదన ఉంది. గడ్డిమందు పత్తికి అనుమతి ఇచ్చేస్తే దొంగ వ్యాపారం దానంతటదే పోతుంది కదా అని. మా చిన్నాయన కూడా ఇదే అంటాడు. నేను జన్యుమార్పిడికి పుట్టు శత్రువును కాను. కానీ మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని నేలకు. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని లైసెన్సున్న నిపుణులే కొట్టాలని ఉత్తర్వు కూడా ఇచ్చింది. మనదేమో పత్తిలో కందిసాళ్లు వేసుకునే సేద్యం. పక్క చేను కంది మాడితే ఎవరు కట్టాలో ముందు రాయండి, తర్వాత అనుమతి సంగతి మాట్లాడదాం. పూచీ లేని నిషేధం వల్ల ఏం జరిగిందో మా చిన్నాయన చేనులో చూశాం. పూచీ లేని అనుమతి వల్ల ఏం జరిగిందో వరంగల్‌లో చూశాం.

బయటి దేశాల్లో ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో అనుమతి లేని జన్యుమార్పిడి వరి మామూలు వరిలో కలిసిపోయిందని 2006లో బయటపడితే, రైతుల దావాలను తేల్చుకోవడానికి బేయర్ కంపెనీ 2011లో 75 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకుంది. జర్మనీలో జన్యుమార్పిడి పంట వల్ల పక్కవాడి పంట పాడైతే, తప్పు రుజువు కాకపోయినా బాధ్యత ఉంటుందని చట్టమే చెబుతుంది. ఇలాంటి నష్టాల బాధ్యత మీదే 2010లో నాగోయా–కౌలాలంపూర్ అనుబంధ ఒప్పందం కుదిరింది. 2018లో అమల్లోకి వచ్చింది. మన దేశం కూడా అందులో ఉంది. సంతకం అక్కడ పెట్టాం, దాని ఫలితం పత్తికొండకు ఇంకా చేరలేదు.

క్యూబ్ టెస్ట్ లాంటిది ఒకటి

నేను సివిల్. మాకు మొదట నేర్పేది క్యూబ్. సైట్‌లో కాంక్రీట్ పోసిన ప్రతిసారీ అందులోంచి కొంత తీసి 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోస్తాం. మీద తేదీ రాసి నీళ్లలో ఉంచుతాం. ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మెషిన్ కింద పెట్టి పగలగొడతాం. రిజిస్టర్‌లో సంతకాలుంటాయి. రోడ్డు కాంట్రాక్టుల్లో ఇంకొకటి ఉంటుంది, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్. పని అయిపోయినా కాంట్రాక్టర్ డబ్బు కొంత పట్టి ఉంచుతారు. ఆ గడువులో గుంత పడితే అతనే పూడ్చాలి. ఇవి రెండూ గొప్ప టెక్నాలజీలు కావు. మనిషి మీద నమ్మకం చాలదని తెలిసినవాళ్లు పెట్టుకున్న అలవాట్లు.

విత్తనానికీ ఇవే కావాలి. నాకు తోచినవి నాలుగు.

ఒకటి, మండలంలోకి వచ్చే ప్రతి లాట్ నుంచి కంపెనీ, అధికారి ఇద్దరి ముద్రలతో ఒక శాంపిల్ తీసి రైతు సేవా కేంద్రంలో పంట చేతికొచ్చేదాకా ఉంచాలి. మొలక, జన్యువు రెండూ పరీక్షించగలిగేంత చాలు. తగాదా వస్తే ఆ సీసా తెరుస్తారు.

రెండు, జన్యువు సొంతదారు, విత్తన కంపెనీ ఇద్దరూ అమ్మిన ప్రతి ప్యాకెట్‌కు కొన్ని రూపాయలు ఒక నిధిలో డిపాజిట్ చేయాలి. రాయల్టీ వసూలు చేసిన దారిలోనే ఇదీ వసూలు చేయొచ్చు. పంట మీదుండగా చేసిన తనిఖీలో విత్తనమే కారణమని తేలితే అదే సీజన్‌లో నిధి నుంచి రైతుకు డబ్బు అందాలి. కోర్టు వాదనలు తర్వాత కంపెనీ, నిధి చూసుకుంటాయి.

మూడు, అనుమతి లేని విత్తనం కొన్న చిన్న రైతును ముద్దాయిగా కాక సాక్షిగా చూడాలి. ఎవరి దగ్గర కొన్నాడో చెప్పినవాడి మీద కేసు ఉండకూడదు. భయపడ్డంతకాలం ఏ రైతూ నోరు విప్పడు, రాత్రి బండి మీద వచ్చేవాడు దొరకడు.

నాలుగు, కలెక్టర్ అధ్యక్షతన ఉండాల్సిన ఆ జిల్లా కమిటీ జూన్‌కు ముందొకసారి, పూత దశలో ఒకసారి కూర్చోవాలి. ఏం చూశారో తెలుగులో రాసి పంచాయతీ గోడ మీద అంటించాలి.

ఇవేవీ రాకముందే కొత్తవి వచ్చేస్తున్నాయి. 2022 మార్చిలో కేంద్రం, బయటి జన్యువు ఏదీ లేని కొన్ని రకాల జీనోమ్ ఎడిటింగ్ పంటలను 1989 నియమాల్లోని ముఖ్యమైన వాటి నుంచి మినహాయించింది. 2025 మేలో 'కమల' అనే వరిని ప్రకటించారు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచి తయారుచేసింది. సాంబ మసూరి అంటే కర్నూలు బియ్యం, కేసీ కెనాల్ కింద నంద్యాల నుంచి కడప దాకా పండేది, మన మెస్‌లో రోజూ తినేది. అది మంచి వంగడమే కావచ్చు. దిగుబడి పెరిగితే మొదట సంతోషించేది నేనే. కానీ పత్తి దగ్గర ఇరవై ఏళ్లుగా అడగని ప్రశ్నను వరి దగ్గరైనా ముందుగా అడగాలి కదా. తేడా వస్తే ఎవరు కడతారు?

ఈ ఏడాది చిన్నాయన బిల్లుతోనే కొన్నాడు. నేను పట్టుబడితే ప్రతి ప్యాకెట్ నుంచి ఒక పిడికెడు తీసి, లాట్ నంబర్ రాసిన చీటీతో సహా పాత హార్లిక్స్ సీసాలో పోసి అటక మీద పెట్టాడు. "ఇన్ని గింజలు చేనులో ఏసుంటే నాలుగు కాయలన్నా కాసేవి గదరా" అని గొణిగాడు. బిల్లు ఆ సీసాకే రబ్బరు బ్యాండ్‌తో చుట్టాడు. రైతు శాంపిల్ దాచుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పిన మాట నాకు తెలుసు. దాచాల్సినవాళ్లు దాచేదాకా మాకిదే క్యూబ్.

మీలో సగం మంది ఇళ్లలో జూన్‌లో విత్తనం కొంటారు. ఫోన్ చేసి చెప్పండి, బిల్లు తీసుకోమని, ఖాళీ సంచి పారేయొద్దని, ఒక పిడికెడు పక్కన పెట్టమని.